సీఎస్‌ఏ పొలంలో వాటా, పిల్లలకు పొలం పాఠాలు: మాసచూసెట్స్‌లో ఉన్నవారి అనుభవాలు కావాలి

వెస్ట్‌బరో వాసి, ఫిబ్రవరి 3

అందరికీ నమస్కారం. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో లాభాపేక్ష లేకుండా నడిచే ఒక సేంద్రియ వ్యవసాయ క్షేత్రం ఉన్నది. అక్కడ సీఎస్‌ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) పద్ధతి నడుస్తున్నది, అంటే సభ్యులు ముందే డబ్బు కట్టి ఆ ఏటి పంటలో వాటా తీసుకుంటారు. జూన్ మొదలు అక్టోబరు దాకా ఇరవై వారాలపాటు వారానికొకసారి కూరగాయలు ఇస్తామని, అందుకు 680 డాలర్లు ఈ నెలలోనే కట్టాలని వారు చెబుతున్నారు. వేసవిలో పిల్లలకు అక్కడే శిబిరం కూడా ఉన్నది. సభ్యుల పిల్లలకు రుసుము కొంత తగ్గిస్తారట. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, అమ్మాయికి ఐదేళ్ళు.

మా వారు కాగితం మీద లెక్క వేసి ఇది దండగ ఖర్చు అంటున్నారు. నాకు మనసు లాగుతున్నది గాని, రోజూ పప్పు, కూర, చారు వండుకునే ఇంట్లో కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర), కోల్‌రాబీ ఏం చేసుకోవాలో తెలియడం లేదు. పంట పోతే డబ్బు తిరిగి ఇవ్వరన్న నిబంధన కూడా కొంచెం భయపెడుతున్నది. పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకుంటారా, లేక మేకపిల్లతో ఫోటో దిగి ఇంటికి రావడమేనా అన్నది అన్నిటికంటే పెద్ద సందేహం. వాటా తీసుకున్నవారు, తీసుకుని మానేసినవారు కూడా దయచేసి రాయండి.

లెక్కల మాస్టారు, ఫిబ్రవరి 3

మానేసినవారిలో నేనొకడిని కాబట్టి మొదట నేనే చెబుతాను. మీ 680 డాలర్లను ఇరవైతో భాగిస్తే వారానికి 34 డాలర్లు. జూన్‌లో మాకు వచ్చినవి లెట్యూస్, ముల్లంగి, కేల్, వెల్లుల్లి పూకాడలు. వాటిలో సగం మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు, కంపోస్టు బుట్టలోకి పోయాయి. అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. పిల్లల సెలవులని జూలై, ఆగస్టు నెలల్లో ఆరు వారాలు ఇండియాకు వెళ్ళాము. టమాటాలు, వంకాయలు, మిరపకాయలు విరివిగా వచ్చే వారాలు సరిగ్గా అవే. తిరిగి వచ్చేసరికి గుమ్మడికాయలు మిగిలాయి. ఆకుకూరకు డబ్బు కట్టి, కాయల కాలమంతా విమానాశ్రయాల్లో గడిపామన్నమాట. వేసవిలో దేశం వెళ్ళే అలవాటున్న కుటుంబం వాటా కొనే ముందు క్యాలెండరు చూసుకోవాలి.

నాటు టమాటా, ఫిబ్రవరి 4

మాస్టారు గారి భాగహారంలో తప్పు లేదు. అయితే ఆయన కూరగాయలు కొన్నానని అనుకున్నారు. వాస్తవానికి ఆ పొలానికి ఆ ఏడాది వచ్చే మంచిచెడ్డల్లో భాగం తీసుకున్నారు. ఈ తేడా నాకూ మొదట తెలియదు, 2009లో తెలిసింది.

నేను చేరినది 2008లో. రెండో ఏడాది జూన్ అంతా ముసురు పట్టింది. ఈశాన్య రాష్ట్రాల్లో పెద్ద దుకాణాలు అమ్మిన టమాటా నారుతోపాటు లేట్ బ్లైట్ తెగులు ఊరూరా పాకింది. 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంపను కుళ్ళబెట్టి కరవు తెచ్చినది కూడా ఈ తెగులే. సేంద్రియ పద్ధతిలో దీనికి వాడుకోదగ్గ మందు రాగి మిశ్రమమే అనుకోవచ్చు, అదీ మచ్చ కనబడక ముందు చల్లితేనే. ఒకరోజు సాయంత్రం మేము వాటా తెచ్చుకోవడానికి వెళ్ళేసరికి పనివారు టమాటా మొక్కలను వరుసలకు వరుసలు పీకి నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో మూటలు కడుతున్నారు. రైతమ్మ మమ్మల్ని దగ్గరకు పిలిచి, ఆకు తిప్పి, అడుగున తెల్లగా పట్టిన బూజును చూపించారు. సంతలో అమ్మకం మీదనే బతికే పొలమైతే ఆ ఏడాదితో మూసుకోవలసి వచ్చేదని, మేము చలికాలంలో కట్టిన సొమ్ముతోనే విత్తనాలు, జీతాలు చెల్లించినందువల్ల అప్పు చేయకుండా గట్టెక్కుతున్నామని ఆమె చెప్పారు. ఆ వేసవిలో మాకు బీన్స్, దోసకాయలు, క్యాబేజీ వచ్చాయి, ఒక్క టమాటా రాలేదు. మా ఇంట్లో ఆ ఏడాదంతా చింతపండు చారే.

ఈ సీఎస్‌ఏ ఏర్పాటు మన మాసచూసెట్స్ రాష్ట్రంతో బాగా ముడిపడినదని చాలామందికి తెలియదు. 1986లో పశ్చిమ కొసన సౌత్ ఎగ్రిమాంట్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్‌లో రాబిన్ వాన్ ఎన్, ఆమె సహచరులు దీనిని మొదలుపెట్టారు (పేరులోని ఇండియన్‌తో మనకు సంబంధం లేదు). దాదాపు అదే సమయంలో న్యూ హాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ పొలం వారూ ఇదే దారి పట్టారు. జపాన్‌లో అయితే అంతకు ముందే, 1970లలోనే, పురుగుమందుల భయంతో గృహిణులు నేరుగా రైతులతో ఒప్పందాలు చేసుకున్నారు. దానిని వారు తేకేయి అంటారు.

కనుక డబ్బు కట్టే ముందు ఆ పొలం వారిని రెండు సంగతులు గట్టిగా అడగండి. పంట తగ్గినప్పుడు ఇతరుల దగ్గర కొని బుట్ట నింపుతారా, నింపితే ఆ సంగతి సభ్యులకు చెబుతారా? మాకు తెలిసిన ఒకచోట చెప్పకుండా టోకు సరుకు కలిపేవారు. పెట్టెల మీద చీటీలు చూసి సభ్యులే పసిగట్టారు. ఇక రెండవది, మనమే కోసుకునే మడులు ఉన్నాయా? ఆ మడుల్లో సాధారణంగా చిన్న టమాటాలు, మిరపకాయలు, కొత్తిమీర వేస్తారు. మనవాళ్ళకు వాటాలో గిట్టుబాటయ్యేది అక్కడే. తొలి మంచు పడే ముందు రోజు సభ్యులను పిలిచి, మొక్కల మీద మిగిలిన పచ్చి టమాటాలన్నీ కోసుకుపొమ్మంటారు. ఆ ఒక్క రోజు కోతతో మా ఇంట్లో సంక్రాంతి దాకా పచ్చడి ఉంటుంది.

ఆష్లండ్ అమ్మమ్మ, ఫిబ్రవరి 4

అమ్మాయీ, కోల్‌రాబీ అంటే మన నూల్‌కోలే. పెసరపప్పు వేసి కూర చేసుకుంటే పిల్లలు అడిగి మరీ తింటారు. కేల్‌ను ఆవిరి మీద మెత్తబరచి కందిపప్పులో వేసి, పోపులో రెండు వెల్లుల్లి రెబ్బలు ఎక్కువ వేయండి. జుకినీ నీరు కారుతుంది కాబట్టి కూర కంటే రోటిపచ్చడికి బాగుంటుంది.

మా అల్లుడు గారు వాటా సొమ్ములో కొంత డబ్బుగా కాకుండా పనిగా చెల్లించేవారు, నేనూ సరదాగా వెళ్ళి కలుపు తీసేదాన్ని. మొదటి రోజే ఉల్లిమడిలో నేలను అంటుకుని దట్టంగా పెరిగిన గంగవాయిలి కూర కనబడింది. వారు దానిని పర్స్‌లేన్ అని పిలిచి, పీకి కుప్ప పోస్తున్నారు! పక్క సాలులో ఎర్రకాడ తోటకూర జాతి, కొంచెం అవతల చక్రవర్తి కూర. నేను ఒడి నింపుకుంటూ ఉంటే పిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి వచ్చి ఏమిటని అడిగింది. మరుసటి వారం ఆమె శిబిరం పిల్లలందరినీ వెంటబెట్టుకుని వచ్చి, అదే మడి దగ్గర నన్ను మాట్లాడమన్నది. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే, మనవరాలు తర్జుమా చేసింది.

ఒక జాగ్రత్త మాత్రం పిల్లలకు ముందుగా నేర్పాలి. గంగవాయిలి లాగే నేలమీద పాకే మరొక కలుపు ఉన్నది, అది మన నానబాలు జాతిది. తుంచితే పాలు కారుతుంది. పాలు కారినది నోట పెట్టరాదు. పెద్దవారికి చూపించకుండా ఏ ఆకూ తినకూడదన్నది ఆ పొలంలో మొదటి నియమం.

కొత్త సభ్యురాలు, ఫిబ్రవరి 5

అమ్మమ్మ గారి మాటకు అనుబంధంగా ఒక సందేహం. అడవి అంచున ఉండే ఈ పొలాల్లో పిడుదుల బెడద ఎంత? పిడుదు కాటువల్ల వచ్చే లైమ్ వ్యాధి గురించి విని మా పక్కింటివారు పిల్లలను శిబిరం మాన్పించారు.

మేపుల్ నీడ, ఫిబ్రవరి 5

బెడద ఉన్నది, దాచవలసిన పని లేదు. లేత రంగు పొడుగు ప్యాంటు వేసి, దాని అంచులను మేజోళ్ళలోకి దోపి పంపండి. ఇంటికి రాగానే బట్టలను ముందు డ్రయ్యరులో వేడిగా తిప్పి, పిల్లల మోకాళ్ళ వెనుక, చంకల్లో, తలలో, చెవుల వెనుక వెతకండి. పిడుదు అంటుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, నూనెలు, అగ్గిపుల్లలు వద్దు. ఆ తరువాత దద్దురు గాని జ్వరం గాని వస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. మా పిల్లలు నాలుగు వేసవులు వెళ్ళారు, ఇది పళ్ళు తోముకోవడం లాంటి అలవాటైపోయింది.

ఇక చదువు విషయం. నేను వారాంతాల్లో ఇటువంటి ఒక పొలంలో స్వచ్ఛందంగా పనిచేస్తాను. జంతువులను తాకి వెళ్ళిపోయే గంటసేపటి సందర్శనలో పిల్లలు నేర్చుకునేది తక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. ఏడాదిలో పలుమార్లు అదే నేలకు తిరిగి వచ్చేవారి సంగతి వేరు. మా దగ్గర ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు ఎరువు కుప్ప అప్పగిస్తాము. ఇనుప ఉష్ణమాపకం గుచ్చి రోజూ అంకె రాస్తారు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం, పశువుల పేడ కలిసిన కుప్పను వరుసగా పోసి కుళ్ళబెడితే, 15 రోజులపాటు వేడి 131 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా చూస్తూ, కనీసం అయిదుసార్లు తిరగవేయాలి. వేడి పడిపోయిన రోజు పిల్లల ముఖాలు చూడాలి. తడి తక్కువైందా, గాలి ఆడడం లేదా అని వారిలో వారే వాదించుకుంటారు. పాఠశాలలో పదిసార్లు చెప్పినా పట్టని సూక్ష్మజీవుల పాఠం, చేతికి వేడి తగిలేసరికి పడుతుంది.

ఫిబ్రవరి చివర మేపుల్ చెట్లకు గొట్టాలు దిగేస్తాము. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కొంచెం వెచ్చదనం ఉంటేనే రసం కారుతుంది. సుమారు 40 గ్యాలన్ల రసం మరిగితే ఒక గ్యాలన్ పాకం. కిందటేడు మా అబ్బాయి ఆ పొయ్యి దగ్గరనుంచి అనకాపల్లిలో ఉన్న తాతగారికి వీడియో కాల్ చేశాడు. ఆయన చెరకు రసం కాగే పెనం కథ మొదలుపెట్టారు, పాఠం చెప్పే ఆయనతో సహా అందరూ పని ఆపి విన్నారు.

డబ్బు కట్టక ముందే ఒకసారి చూడాలనుకుంటే, 1975 నుంచి నడుస్తున్న నేటిక్ కమ్యూనిటీ ఆర్గానిక్ ఫార్మ్‌కు గాని, లింకన్‌లో మాస్ ఆడుబాన్ సంస్థ నడిపే డ్రమ్లిన్ ఫార్మ్‌కు గాని పిల్లలను తీసుకువెళ్ళండి. సేద్యం, ప్రకృతి పాఠాలు ఒకే నేల మీద ఎలా నడుస్తాయో కళ్ళారా చూడవచ్చు.

జహీరాబాదు దారి, ఫిబ్రవరి 6

హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మీరు చెప్పుకుంటున్న రెండు పనులూ, అంటే సేద్యమూ చదువూ కలిపి నడపడం, మన దగ్గర కొత్త కాదు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాదు దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తున్నది. మాచునూరులో పచ్చసాల అనే వారి బడిలో పిల్లలు పుస్తకాలతోపాటు సేద్యం, వడ్రంగం వంటి పనులు నేర్చుకుంటూ వచ్చారు. సంక్రాంతికి మొదలయ్యే వారి పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. అమ్మమ్మ గారు చెప్పిన గంగవాయిలి వంటి, ఎవరూ విత్తని ఆకుకూరలను ఆ మహిళలు డజన్ల కొద్దీ పేరు పెట్టి చెబుతారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారికీ ప్రకృతి బడి ఉన్నది, రైతుల సహకార సంఘం ధరణి ఉన్నది.

అయితే మీ దగ్గర ఉన్నదొకటి మా నగరంలో నాకు కనబడలేదు. మా అపార్ట్‌మెంటుకు కూడా వారం వారం సేంద్రియ కూరగాయల సంచి వస్తుంది, కాని వాట్సాప్‌లో ఆ వారానికి ఆ వారమే చెప్పి డబ్బు పంపుతాము. వాన ఎగ్గొడితే సంచి రాదు, మేము సూపర్‌మార్కెట్టుకు వెళతాము. నష్టం మాత్రం రైతు నెత్తిన ఉంటుంది. ఆరు నెలల సొమ్ము ముందే కడదామని నేను ఒకసారి సమావేశంలో ప్రతిపాదిస్తే నలభై ఇళ్ళలో మూడు ఇళ్ళు ఒప్పుకున్నాయి.

లెక్కల మాస్టారు, ఫిబ్రవరి 6

నాటు టమాటా గారి వివరణ బాగున్నది, నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. అయినా నష్టంలో పాలు పంచుకునేవాడికి జమాఖర్చులు చూసే హక్కు కూడా ఉండాలి కదా. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం 990ను సాధారణంగా ఎవరైనా చూడవచ్చు. వాటాల సొమ్ము ఎంత, శిబిరాల రుసుము ఎంత, విరాళాలు ఎంత అన్నది దానివల్ల కొంతైనా తెలుస్తుంది. నేను మానేసిన పొలానిది నిన్న రాత్రి తీసి చూశాను. కూరగాయల మీద వచ్చేది నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ, శిబిరాలూ విరాళాలే దానిని మోస్తున్నాయి. నేను 34 డాలర్లు ఎక్కువని గొణుగుతున్న వారంలో ఆ బుట్టకు వారికి అయిన ఖర్చు అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది. ఇండియా ప్రయాణం సంగతి మాత్రం నేను వెనక్కి తీసుకోను.

వెస్ట్‌బరో వాసి, ఫిబ్రవరి 9

అందరికీ ధన్యవాదాలు. నిన్న పిల్లలతో పొలానికి వెళ్ళి వచ్చాము. ఇతరుల సరుకు కలపవలసి వస్తే ఆ వారం బోర్డు మీద పొలం పేరుతో సహా రాస్తామని చెప్పారు. మిరపకాయలు మనమే కోసుకోవచ్చు. వెళ్ళలేని వారాల్లో మన వాటాను వేరొకరికి ఇవ్వవచ్చు, ఎవరూ లేకపోతే అన్నదాన కేంద్రానికి పంపుతారట. మాస్టారు గారి క్యాలెండరు సలహా మేరకు, జూలైలో దేశం వెళ్ళే మేము, క్రిస్మస్‌కు వెళ్ళే మా ఎదురింటి కన్నడ కుటుంబం కలిసి ఒక వాటా తీసుకున్నాము. అబ్బాయికి శిబిరంలో ఒక వారం రాయించాము, అమ్మాయికి వచ్చే ఏడు. మా వారు సంతకం పెడుతూ, 2009 లాంటి ఏడాది మళ్ళీ వస్తే చారు బాధ్యత తనది కాదన్నారు.

అమ్మమ్మ గారూ, వెల్లుల్లి పూకాడల సంగతి మిగిలిపోయింది. జూన్‌లో కట్టలు కట్టలుగా ఇస్తారట, ఏం చేయాలి?

ఆష్లండ్ అమ్మమ్మ, ఫిబ్రవరి 9

ముదురు కొసలు తీసేసి అంగుళం ముక్కలు కోసి నూనెలో మగ్గించండి. వేయించిన ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క చేర్చి కచ్చాపచ్చాగా రుబ్బి, పైన ఇంగువ పోపు పెట్టండి. వెల్లుల్లి మళ్ళీ వేయకండి, అది ఎటూ అందులోనే ఉన్నది.