అప్‌డేట్: మా బాబు అన్నం తినడం లేదని అడిగాను కదా

మూడున్నరేళ్ల మా బాబు ఫోను చూపిస్తే తప్ప ముద్ద మింగడం లేదని, ఈ విషయమై నాకూ అత్తయ్యగారికీ రోజూ మాటా మాటా వస్తోందని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. ముందు రక్తపరీక్ష చేయించమని మీలో చాలామంది అన్నారు. చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఈ వయసులో అది 11కు తగ్గితే రక్తహీనత కిందే లెక్క అని చెప్పిన డాక్టరుగారు, రోజుకు పాలు ఎన్ని తాగుతాడని అడిగినప్పుడు, దాదాపు లీటరు అని చెప్పడానికి నాకే సిగ్గువేసింది. అన్నం ఎలాగూ తినలేదు, పాలైనా తాగనీ అని పోసింది నేనే. తప్పు మాత్రం ఫోనుదీ అత్తయ్యగారిదీ అనుకుంటూ వచ్చాను. పాలతో కడుపు నిండితే ఆకలి వేయదని, పైగా పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదని అప్పుడే తెలిసింది.

పాలను అర లీటరు లోపుకు తగ్గించి, డాక్టరుగారు రాసిన ఐరన్ సిరప్‌ను నిమ్మరసం కలిపిన నీళ్లతో ఇస్తున్నాము. (విరేచనం నల్లగా అయిన రోజున ఇంటిల్లిపాదీ హడలిపోయాము; అది మందు వల్లేనట.) మూడో వారం నుంచి వాడే ఆకలంటూ వంటింట్లోకి రావడం మొదలుపెట్టాడు. మునగాకు పప్పు కలిపి, కాకి ముద్ద, పిల్లి ముద్ద అంటూ అత్తయ్యగారే తినిపిస్తున్నారు. అంత ఓపిక నాకు లేదని ఒప్పుకుంటున్నాను.

అయితే గత వారం జ్వరం వచ్చినప్పుడు నాలుగు రోజులు మళ్లీ ఫోను చేతికిచ్చాము. రాత్రి భోజనం దగ్గర ఇంకా అడుగుతూనే ఉన్నాడు. వచ్చే నెల మరోసారి రక్తపరీక్ష చేయించాలి.