రెయిడ్ 5లో డిస్క్ మార్చాక రీబిల్డ్ 61 శాతం దగ్గర ఆగిపోయింది

స్టూడియో_దిల్‌సుఖ్‌నగర్:
అందరికీ నమస్కారం. మాది పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. లైనక్స్ బాక్స్‌లో నాలుగు 4 టీబీ డిస్కులు, ఎండీఏడీఎం (లైనక్స్‌లో డిస్కులను కలిపే టూల్)తో రెయిడ్ 5, అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కలిపిన అమరిక. సోమవారం మూడో డిస్క్ పోయింది. మంగళవారం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి కొత్తది తెచ్చి పెట్టాను. రాత్రి పడుకునే ముందు చూస్తే సెకనుకు 130 ఎంబీతో నడుస్తోంది, తెల్లారేసరికి అయిపోతుందనుకున్నా. లేచి చూస్తే 61.4 శాతం. టిఫిన్ చేసి వచ్చి చూసినా అదే 61.4. వేగం 120 కేబీ, మిగిలిన సమయం రెండు లక్షల నిమిషాల పైన చూపిస్తోంది. కొత్త డిస్కే పాడైందా? తిరిగి ఇచ్చేసి ఇంకోటి తేవాలా, రీస్టార్ట్ చేయాలా? మూడు పెళ్లిళ్ల వీడియోలు ఇంకా వాళ్లకు ఇవ్వలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి_అడ్మిన్:
అన్నా, రీస్టార్ట్ చేయకండి. కొత్త డిస్క్ తిరిగి ఇవ్వడానికీ తొందరపడకండి. తీసేసిన డిస్క్‌నీ పారేయకుండా పక్కన పెట్టండి.
ఇలాంటప్పుడు అందరి అనుమానం కొత్తదాని మీదికే పోతుంది. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కులనీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివి, ఆ లెక్కతో నాలుగోది రాయడం. ఏళ్లుగా ఎవరూ తెరవని ఫైళ్లున్న చోటు కూడా ఆ రోజు చదవక తప్పదు. పాత డిస్కులో దాగి ఉన్న దెబ్బ బయటపడేది అప్పుడే. మూడింటి స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 5, 197, 199 నంబర్ల వరుసలు పెట్టండి. డీమెసేజ్ (కెర్నల్ సందేశాల లాగ్) చివరి లైన్లు కూడా.

మల్కాజిగిరి_రావు:
నాదీ ఇలాగే నెమ్మదించింది కానీ కారణం వేరు. నేను తెలియక కొన్నది ఎస్ఎంఆర్ డిస్క్. అందులో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకచోట రాయాలంటే పక్కవీ మళ్లీ రాయాలి. మొదట పరుగెత్తి, కాష్ నిండాక నత్తనడక. ఐదు రోజులు పట్టింది, కానీ పూర్తయింది. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్స్) కోసమని అమ్మిన డిస్కుల్లోనే కొన్ని ఎస్ఎంఆర్‌వని 2020లో బయటపడి పెద్ద గొడవైంది కదా. మీ మోడల్ నంబర్ ఒకసారి సరిచూసుకోండి.

స్టూడియో_దిల్‌సుఖ్‌నగర్:
చూశాను రావుగారూ, నాది సీఎంఆరే, ట్రాకులు విడివిడిగా ఉండే రకం.
మొదటి డిస్కులో 5వ వరుస 16, 197 దగ్గర 88, 199 సున్నా. మిగతా రెండింటిలో అన్నీ సున్నాలే. డీమెసేజ్ నిండా మొదటి డిస్క్ పేరే, అర నిమిషానికోసారి లింక్ రీసెట్ అని. క్యాబినెట్‌కు చెవి ఆనించి విన్నాను. టిక్కు, టిక్కు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ టిక్కు.

కూకట్‌పల్లి_అడ్మిన్:
దొరికింది. 5 అంటే పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్లు, 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. 199 కేబుల్‌లో వచ్చే తప్పుల లెక్క, అది సున్నా కాబట్టి కేబుల్ మీద అనుమానం అక్కర్లేదు. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ చెడ్డ సెక్టార్ తగిలితే నిమిషాల తరబడి దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. లైనక్స్ 30 సెకన్లు చూసి రీసెట్ కొడుతుంది. మళ్లీ అదే సెక్టార్, మళ్లీ రీసెట్. మీ 61.4 కదలనిది అందుకే.
సింక్ యాక్షన్ ఫైల్‌లో ఫ్రోజెన్ అని రాయండి, రీబిల్డ్ నిలిచిపోతుంది. ఆ డిస్క్ టైమవుట్ 180 సెకన్లకు పెంచండి. ఇవ్వాల్సిన మూడు పెళ్లిళ్లు మాత్రం వేరే డిస్కులోకి కాపీ చేయండి. తర్వాత అరే (కలిపి నడుస్తున్న డిస్కుల గుంపు) ఆపి, మొదటి డిస్కును డీడీరెస్క్యూ (చెడ్డ డిస్క్ నుంచి చదవగలిగినంతా కాపీ చేసే టూల్)తో ఇంకో కొత్త డిస్కులోకి దించండి. మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి సాగుతుంది. అయ్యాక మొదటి డిస్క్ తీసేసి, కాపీతో అసెంబుల్ చేయండి, అంటే ఉన్న అరేనే మళ్లీ కలపండి. ఎవరు చెప్పినా క్రియేట్ (అరేను కొత్తగా తయారుచేసే కమాండ్) మాత్రం కొట్టకండి. డిస్కుల వరుసో ఆఫ్‌సెట్టో తేడా వస్తే ఉన్నదీ పోతుంది.

నల్లకుంట_స్వాతి:
ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. టిక్కుమంటున్న డిస్కుకు ఎంత ఆయుష్షు ఉందో తెలియదు. నేనైతే ఫైళ్ల కాపీ కూడా మానేసి నేరుగా డిస్క్ మొత్తాన్నీ క్లోన్ చేస్తాను. మా ల్యాబ్‌లో ముందు కాపీ పెట్టుకున్నాం. సగంలో ఆ డిస్క్ బయోస్‌లో కూడా కనిపించకుండా పోయింది. మూడేళ్ల రీడింగులు పోయాయి.

కూకట్‌పల్లి_అడ్మిన్:
స్వాతిగారి మాటే సరైనది. అన్నా, ముందు క్లోన్. డిస్కుకు ఎదురుగా ఫ్యాన్ పెట్టండి, బాక్స్‌ను యూపీఎస్ మీద ఉంచండి.

స్టూడియో_దిల్‌సుఖ్‌నగర్ (నాలుగు రోజుల తర్వాత):
నేరుగా క్లోనే చేశాను. మొదటి విడతలో 4 టీబీ దాదాపు మొత్తం పది గంటల్లో వచ్చేసింది. మిగిలిన చిన్న ముక్కల కోసం ఇంకో రోజున్నర తిప్పాను, చివరికి 36 కేబీ మాత్రం రాలేదు. అసెంబుల్ అయింది, రీబిల్డ్ తొమ్మిది గంటల్లో పూర్తయింది. 61.4 దాటేటప్పుడు స్క్రీన్ ముందు నుంచి లేవలేదు.
క్లిప్పులన్నీ తెరిచి చూశాం. ఒక పెళ్లిలో తలంబ్రాల క్లిప్ మధ్యలో చారలు పడ్డాయి. రెండో కెమెరా కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు, అదే ఘట్టం అందులో దొరికింది. మూడు పెళ్లిళ్లూ విడిగా ఒక డిస్కులో దించి మా బావమరిది ఇంట్లో పెట్టాను.
అడ్మిన్ తమ్ముడికీ, స్వాతిగారికీ, రావుగారికీ చాలా థ్యాంక్స్. ఇంకొక్క సందేహం: నెలకోసారి అరే మొత్తం చదివించే చెక్ నా బాక్స్‌లో ఆఫ్‌లో ఉందని ఇప్పుడే చూశాను. ఆన్ చేస్తే ఆ రోజు ఎడిటింగ్ నెమ్మదిస్తుందా?

కూకట్‌పల్లి_అడ్మిన్:
కొంచెం నెమ్మదిస్తుంది. డెబియన్ లైనక్స్‌లో నెల మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రోజు ముహూర్తం ఉంటే స్పీడ్ లిమిట్ మ్యాక్స్ (చెక్ వేగానికి గరిష్ఠ పరిమితి) తగ్గించి వదిలేయండి, చెక్ మాత్రం ఆపకండి.