సిపాన్ సమాధి నగలు: అద్దాల వెనక ఉంచాలా, తిరిగి పూడ్చాలా?

కృష్ణలంక: పెరూలోని లాంబయెకే మ్యూజియంలో సిపాన్ ప్రభువు నగలున్నాయి. పెరూ ఉత్తర తీరాన వర్ధిల్లిన ప్రాచీన మోచే జాతి పాలకుడు, సుమారు 1,700 ఏళ్ల కిందటివాడు. నగలతోపాటు ఎముకలూ అక్కడే ప్రదర్శనకు పెట్టారు. పోయినవాడికి తోడుగా పెట్టినవి పైకి తీసి, టికెట్ పెట్టి చూపించడం న్యాయమా? నమూనాలు చేసి చూపించి, అసలువి పూడ్చేయాలని నా వాదన.

పాతరాగి: పూడిస్తే ఎన్నాళ్లుంటాయండీ? 1987లో సిపాన్‌లో ఈ సమాధులున్న దిబ్బను ముందు తవ్వింది దొంగలే. పోలీసులు కొంత సొత్తు పట్టుకుని పురావస్తు పండితుడు వాల్టర్ ఆల్వాకు చూపించాకే అసలు తవ్వకం మొదలైంది. అప్పటికే జారిపోయిన బంగారు కవచమొకటి, నడుము వెనక వేలాడేది, 1997లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎఫ్‌బీఐకి చిక్కింది. అమ్మేవాళ్లు అడిగింది 16 లక్షల డాలర్లు!

నేతిబీర: దొంగ తవ్వినా పండితుడు తవ్వినా సమాధి ఖాళీ అయ్యేది ఒకేలా కదా?

పాతరాగి: ఎలా అవుతుందండీ! వేరుశనగ కాయల హారంలో కుడివైపు బంగారం, ఎడమవైపు వెండి. ఎక్కడున్నది అక్కడే నమోదు చేస్తూ తవ్వారు కాబట్టే ఆ అమరిక తెలిసింది. మోచే కుండల మీద బలి తంతు బొమ్మలుంటాయి, నెత్తుటి గిన్నె అందుకునే యోధుడితో సహా. అలాంటి వేషమే ఈ సమాధిలో దొరికాక, అది నిజంగా జరిగిన తంతేనని పండితులకు నమ్మకం కుదిరింది. దొంగ చేతిలో పడితే? తూకానికి బంగారం, అంతే.

గోదారిగట్టు: మన అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి. ముందు ఆ సంగతి తేల్చండి :)

కృష్ణలంక: అది వేరే గొడవండీ. ఇవి ఇప్పుడు పెరూలోనే ఉన్నాయి, పైగా సమాధిలోవి. పాతరాగి గారూ, నగల వల్ల చదువు పెరిగిందంటే సరే. ఎముకలు అద్దం కింద పెడితే కొత్తగా తెలిసేదేంటి? తవ్విన చోట, హువాకా రహాదాలో, సమాధిలో నమూనా అస్థిపంజరాలే పెట్టారు. జనం వచ్చి చూస్తూనే ఉన్నారు. అక్కడ చెల్లిన పద్ధతి లాంబయెకేలో ఎందుకు చెల్లదు?

పాతరాగి: ఎముకల దగ్గర మీతో వాదించను, నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. నగలు మాత్రం మట్టిలోకి వద్దు. అందులో చాలావాటికి బంగారం పైపూతే, లోపలంతా రాగి. చిలుము తినేసిన ముక్కల్ని జర్మనీలోని మైంజ్‌లో ఓపిగ్గా బాగుచేశారు. మళ్లీ పూడిస్తే దొంగ రాకపోయినా చిలుము వదలదు.

నేతిబీర: అయితే ఎముకలు వెనక్కి, నగలు మ్యూజియంలో. ఆ ప్రభువును ఒట్టి ఒంటితో పూడుస్తారా మరి?