విద్యుత్ కంపెనీ బడికిచ్చేది దానమా, బాకీనా?

బడిగంట:
మొన్న ఇక్కడే ఒకరు అడిగారు: "కరెంటు కంపెనీ బడికి కంప్యూటర్లు ఇచ్చినా తప్పు పడతారా?" అని. ఆ మాట రెండు రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది. నేను ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను. అందులో తొమ్మిదేళ్లు థర్మల్ స్టేషన్ పక్కనున్న బడిలోనే.

ఆ బడికి పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు, తలుపు పక్కన రాతి ఫలకం బిగించారు. మూడేళ్లు తిరిగేసరికి యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. కొత్తవి కొనడానికి బడి దగ్గర డబ్బు లేదు. కంపెనీని అడిగితే ఆ ప్రాజెక్టు ముగిసిందని, ఈ ఏడాది డబ్బు తాగునీటికి కేటాయించామని చెప్పారు. గదికి తాళం పడింది. ఇంటర్వెల్‌లో పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని, గుడ్డ కప్పిన మానిటర్లను చూసి వెళ్లేవాళ్లు. ఏడో తరగతి పిల్ల ఒకతి "టీచర్, అవి మనవి కావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే అంటున్నాను. పక్కనే బూడిద, దుమ్ము, లారీల రొద భరిస్తున్న బడికి కంపెనీ ఇచ్చేది దానం కాదు, బాకీ. బాకీ అన్నాక ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద ఉండాలి.

సబ్‌స్టేషన్:
మేడమ్, నేను అలాంటి ఒక కంపెనీలోనే సీఎస్‌ఆర్, అంటే కంపెనీ తరఫున చేసే సామాజిక బాధ్యత పని, చూస్తాను. మీరు చెప్పింది చదివి బాధ కలిగింది. కానీ "బాకీ" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

కాగితం మీద ఏమీ లేదని అనుకోకండి. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఇక నిబంధనల్లో "కొనసాగుతున్న ప్రాజెక్టు" అంటే మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లకు మించనిది. మీ బ్యాటరీల చిక్కు సగం ఇక్కడే ఉంది. మాకు మనసు లేక కాదు.

ఇంకో మాట. అంతా రేటు కట్టి చెల్లించేస్తే అది మరో పన్ను అయిపోతుంది, ఖజానాలో కలిసిపోతుంది. ఇప్పుడు హెడ్‌మాస్టర్ ఫోన్ చేస్తే వానాకాలం లోపు పైకప్పు వేయించగలుగుతున్నాం. సెలవు రోజుల్లో మా ఇంజినీర్లు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. దీనికి ఏ రేటు కడతారు?

బడిగంట:
మీ ఇంజినీర్లకు దండం పెడతాను, నిజంగా. లెక్కల టీచరు లేని బడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కానీ మీరే చెప్పారు, 2 శాతం లాభం మీద అని. లాభం తగ్గిన ఏడాది బూడిద తగ్గుతుందా? లారీలు ఆగుతాయా? భారం ఉత్పత్తిని బట్టి పడుతోంది, సాయమేమో లాభాన్ని బట్టి వస్తోంది. నా అభ్యంతరమంతా ఇక్కడే.

వేరే లెక్కలు ఉన్నాయి. స్కాట్లండ్‌లో నేల మీది గాలిమరలకు మెగావాట్‌కు ఏటా 5,000 పౌండ్లు స్థానికులకు ఇవ్వాలన్నది ప్రభుత్వ మార్గదర్శకం, ధరలతో పాటు అదీ పెరగాలి. చట్టపరమైన నిర్బంధం కాదు, అయినా 50 మెగావాట్లంటే ఏడాదికి రెండున్నర లక్షల పౌండ్లని ఊరివాళ్లే లెక్క వేసుకోగలరు. జర్మనీలో గాలి, సౌర విద్యుత్ కేంద్రాలు యూనిట్‌కు 0.2 సెంట్ల దాకా స్థానిక మున్సిపాలిటీలకు ఇచ్చే వీలు 2021 చట్టంతో వచ్చింది. గాలి ఎంత వీచిందో, మీటరు ఎంత తిరిగిందో, అంత.

ఎన్‌సీసీ కుర్రాడు:
నేను కంపెనీ స్కాలర్‌షిప్‌తో ఐటీఐ చదివాను. నాన్న కూలి. ఆ డబ్బు రాకపోతే తొమ్మిదితోనే ఆపేసేవాడిని. దానమా బాకీనా అని అప్పుడు నేను అడగలేదు, ఫీజు కట్టే తేదీ చూసుకున్నాను అంతే. మీ వాదనలో పడి ఉన్నది పోకుండా చూడండి.

సైన్సు మాస్టారు:
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి, నాకు పాఠం గురించి టెన్షన్. మా బడికి ఒక కంపెనీ సైన్స్ కిట్లతో పాటు చార్టులు కూడా ఇచ్చింది. బొగ్గు వ్యాగన్ నుంచి బాయిలర్, టర్బైన్, జనరేటర్, ఇంట్లో బల్బు దాకా చక్కగా రంగుల్లో ఉన్నాయి. చిమ్నీ బొమ్మ ఉంది, దానిలోంచి ఏం వస్తుందో మాత్రం లేదు. సల్ఫర్ డయాక్సైడ్ అని చాక్‌పీస్‌తో పక్కన నేనే రాశాను. కిట్లు కావాలి, కానీ చార్టు మీద చివరి మాట టీచరుదే అన్నది కూడా ఆ ఒప్పందంలో రాయాలి.

బడిగంట:
మాస్టారూ, ఇది నాకు తట్టనే లేదు. తప్పకుండా రాయాలి.

బాబూ, నీ స్కాలర్‌షిప్ ఆగాలని ఎవరూ అనడం లేదు. నీ తర్వాతి పిల్లవాడికి వస్తుందో రాదో తెలియకపోవడమే నా బాధ. ప్లాంటు మూతపడిన రోజు ఏమవుతుంది? స్కాట్లండ్‌కే చెందిన షెట్లాండ్ దీవుల్లో సల్లమ్ వో చమురు టెర్మినల్ వచ్చినప్పుడు, అక్కడి కౌన్సిల్ కలిగే ఇబ్బందికి పరిహారం అడిగి రాబట్టింది. ఆ డబ్బుకు 1976లో ట్రస్టు పెట్టి, మదుపు చేసి, వృద్ధుల సంరక్షణకు, ఆటలకు, కళలకు ఇస్తూ వచ్చారు. కంపెనీల చెల్లింపులు ఎప్పుడో ఆగిపోయాయి, ట్రస్టు మాత్రం నడుస్తోంది. ఖజానాలో కలిసిపోతుందన్న సబ్‌స్టేషన్ గారి భయానికి కూడా ఇదే నా జవాబు. డబ్బు వేరుగా ఉండాలి, కమిటీలో తల్లిదండ్రులు, టీచర్లు కూర్చోవాలి.

సబ్‌స్టేషన్ గారూ, ఒక్కటి అడుగుతాను. మీ ప్రపోజల్ ఫారంలో నిర్వహణ ఖర్చుకు గడి ఉందా?

సబ్‌స్టేషన్:
ఇప్పుడే తీసి చూశాను మేడమ్. లేదు. వస్తువు పేరు, సంఖ్య, ధర, లబ్ధిదారుల సంఖ్య, ప్రారంభ తేదీ ఉన్నాయి. బ్యాటరీ మార్పు, రిపేరు, నెట్ బిల్లు ఎక్కడ రాయాలో లేదు. సోమవారం మా మేనేజర్ దగ్గర ఆ గడి కోసం అడుగుతాను, పాత ల్యాబుల జాబితా కూడా పట్టుకెళ్తాను. ఉత్పత్తి మీద లెక్క కట్టాలన్నదానికి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు, దాని మీద మళ్లీ రాస్తాను.