బండి వెనక రబ్బరు రెక్కలకు టేపు వేస్తే మంచిదా, చెడ్డదా?

గెలాక్సీరాయి (చీమకుర్తి)
మాది ఏడు సీట్ల బండి. రోజూ చీమకుర్తి నుంచి ఒంగోలుకు క్వారీ లారీల వెనకే తిరగాలి. సాయంత్రానికి డిక్కీలో వేలితో పేరు రాయొచ్చు, అంత బూడిద రంగు దుమ్ము. పోయిన నెల తెలిసిన మెకానిక్ ఒకాయన వెనక బంపర్ ఊడదీసి, రెండు పక్కలా రబ్బరు రెక్కలున్న చిన్న కిటికీలు చూపించాడు. దుమ్మంతా ఇక్కడి నుంచే వస్తోందని చెప్పి గట్టి టేపు వేసేశాడు. దుమ్ము కాస్త తగ్గినట్టే ఉంది. కానీ అప్పట్నుంచి డోర్ విసిరి వేస్తే గానీ పడట్లేదు, పడినప్పుడల్లా చెవులు గుయ్యిమంటున్నాయి. మూడో వరుసలో కూర్చునే మా అమ్మ "గాలే ఆడట్లేదురా" అంటోంది. పైకప్పు వెంట్లలోంచి గాలి వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. రోహిణి కార్తె దగ్గర పడింది. టేపు ఉంచనా, పీకేయనా?

కావలి_హైవే
ఉంచండి బ్రదర్. చల్లగాలి బయటికి పోవడానికి దారి ఎందుకు? ఇంట్లో ఏసీ వేసి కిటికీలు తెరుస్తామా? నేను రీసర్క్యులేషన్ బటన్ (బయటి గాలి ఆపి లోపలి గాలినే తిప్పేది) నొక్కానంటే మళ్లీ తీయను. మే నెల మధ్యాహ్నం కావలి నుంచి నెల్లూరు దాకా అలాగే వస్తాను. బండి చల్లగా ఉంటుంది, రొయ్యల గుంటల వాసన కూడా లోపలికి రాదు.

పెన్నాగట్టు (నెల్లూరు)
కారు ఏసీ పని నా వృత్తి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. టేపు పీకేయండి, ఇవాళే.

సీసా మూతికి గరాటు బిగించి నూనె పోస్తే దిగదు. లోపలి గాలి పోవడానికి సందు లేకపోవడమే కారణం. బండీ అంతే. ముందు అద్దం కింద ఉన్న జాలీలోంచి బయటి గాలి లోపలికొస్తుంది, డ్యాష్‌బోర్డు వెంట్లలోంచి మన మీద పడుతుంది, సీట్ల మీదుగా వెనక్కి వచ్చి ఆ రెక్కల్లోంచి బయటికి పోతుంది. బావి మోటారుకు ఫుట్ వాల్వ్ ఎలాగో ఆ రెక్కలు అలాగ. ఒకవైపే తెరుచుకుంటాయి. అవి మూసేస్తే బయటి గాలి మోడ్‌లో బ్లోయర్ ఎంత తిరిగినా లోపలికొచ్చే గాలి బాగా తగ్గిపోతుంది. డోర్ పడకపోవడం, చెవులు మూసుకుపోవడం కూడా అందుకే.

కావలి తమ్ముడి మాటలో నిజం లేకపోలేదు. రీసర్క్యులేషన్‌లో గాలిని చల్లబరిచే కాయిల్‌కు 42 డిగ్రీల బయటి గాలి బదులు అప్పటికే చల్లబడిన లోపలి గాలి అందుతుంది, కాబట్టి బండి త్వరగా చల్లబడుతుంది. ఆ మోడ్‌లో రెక్కలకు టేపు ఉన్నా చల్లదనంలో పెద్ద తేడా రాదు. అందుకే గెలాక్సీరాయి గారూ, వెనక చల్లదనం లేకపోవడానికి కారణం ఆ టేపు కాకపోవచ్చు. రెండూ వేరు వేరు జబ్బులు.

వెనక ఏసీ రెండు మూడు రకాలు. కొన్నిటికి ముందున్న కాయిల్ నుంచే కన్సోల్ గుండా గొట్టం వేసి రెండో వరుసకు గాలి ఇస్తారు. కొన్ని పైకప్పు యూనిట్లలో ఫ్యాను తప్ప ఏమీ ఉండదు, లోపలి గాలినే లాగి ఊదుతుంది. ఇన్నోవా లాంటి బండ్లలో వెనక కూడా వేరే కాయిల్, అందులోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, బ్లోయర్ ఉంటాయి. గ్యాసును తోసే కంప్రెసర్ మాత్రం రెండిటికీ ఒక్కటే. ట్రాఫిక్‌లో ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు ఆ కాస్త గ్యాసూ రెండు కాయిల్స్ పంచుకోవాలి.

మీది మూడో రకమైతే బండి కింద వెనక్కి పోయే రెండు పైపులు కనిపిస్తాయి, ఒకటి సన్నం, ఒకటి లావు. ముందూ వెనకా ఏసీ వేసి పది నిమిషాలు ఉంచి, ఇంజిన్ ఆపి వెంటనే లావు పైపు పట్టుకోండి. చల్లగా తగలాలి. సైలెన్సర్ గొట్టం జాగ్రత్త, చెయ్యి కాలుతుంది.

సింగరాయకొండ_సుజాత
కావలి అన్నా, ఒక్క మాట. పోయిన ఏడాది తిరుమల నుంచి వస్తూ మేము ఏడుగురం మూడు గంటలు ఆ బటన్ తీయలేదు. నెల్లూరు దాటాక పిల్లలు నిద్రలో మూలుగుతున్నారు, నాకు తల బరువెక్కింది. బండి నడుపుతున్న మా ఆయన వరసగా ఆవలిస్తున్నారు. అద్దాలు దించిన రెండు నిమిషాల్లో అందరికీ మెలకువ వచ్చింది. వాసన రావట్లేదు అంటే గాలి బాగుందని కాదు అన్నా. మనం వదిలిన ఊపిరే మళ్లీ మళ్లీ పీలుస్తున్నాం. ఇప్పుడు అరగంటకోసారి ఐదు నిమిషాలు బయటి గాలి పెడుతున్నాం.

పెన్నాగట్టు (నెల్లూరు)
అమ్మా, సరిగ్గా చెప్పారు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 420 పాళ్లు ఉంటుంది. ఏడుగురితో మూసేసిన బండిలో అది వేలల్లోకి పోతుంది. ఇంటి ఏసీతో పోల్చడం కుదరదు. పది బై పన్నెండు గదిలో ఉన్న గాలిలో ఐదో వంతు కూడా కారులో ఉండదు.

కావలి_హైవే
సుజాత గారి మాట ఒప్పుకుంటాను, పిల్లలున్నప్పుడు నేనూ ఆలోచించాలి. కానీ దుమ్ము సంగతో? టేపు పీకితే చీమకుర్తి దుమ్ము మళ్లీ డిక్కీలోకే కదా!

పెన్నాగట్టు (నెల్లూరు)
మెకానిక్ పొరపడింది అక్కడే. బండి ముందుకు దూసుకెళ్తుంటే వెనక తలుపు దగ్గర గాలి పలచబడి దుమ్మును సుళ్లు తిప్పుతుంది. రీసర్క్యులేషన్‌లో ఉంటే లోపల ఒత్తిడి ఉండదు, అరిగిన డోర్ రబ్బరు సందుల్లోంచి ఆ దుమ్ము లోపలికి జొరబడుతుంది. బయటి గాలి పెట్టి బ్లోయర్ పెంచితే లోపలి గాలి బయటికి తోస్తుంది, సందుల్లో దుమ్ముకు చోటుండదు. క్యాబిన్ ఫిల్టర్ మాత్రం త్వరగా నిండుతుంది, తరచూ దులపాలి, మార్చాలి. లారీ మరీ ముందే ఉంటే ఆ రెండు నిమిషాలు బయటి గాలి మూసుకోండి. రెక్కల అంచుల్లో మట్టి గట్టిపడితే అవి సరిగ్గా మూసుకోవు, తడిగుడ్డతో తుడవండి.

గెలాక్సీరాయి (చీమకుర్తి)
ఆదివారం పొద్దున టేపు పీకాను. రెక్కల మధ్య మట్టి బిళ్లలు కట్టి ఒకటి సగం తెరుచుకునే ఉంది. దుమ్ము నిజంగానే అందులోంచి వచ్చిందన్నమాట, కానీ తుడిస్తే పోయేదానికి టేపు వేయించాను. తుడిచాక అమ్మ మల్లెపూల పొట్లం దారం తెంపి డిక్కీ పక్కన, ఆ రెక్కల వైపు గాలి పోయే జాలీ దగ్గర పట్టుకుంది. అద్దాలన్నీ ఎత్తి, బయటి గాలి పెట్టి, బ్లోయర్ నాలుగో నంబర్‌లో ఉంచితే దారం జాలీకి అతుక్కుపోయింది. రీసర్క్యులేషన్ నొక్కగానే వేలాడింది. డోర్ ఇప్పుడు మెత్తగా పడుతోంది.

లావు పైపు పట్టుకున్నాను, గోరువెచ్చగా ఉంది.

పెన్నాగట్టు (నెల్లూరు)
అయితే గ్యాస్ తగ్గి ఉండాలి, లేదా వెనక ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయి ఉండాలి. ప్రెషర్ చూడకుండా ఎవరినీ గ్యాస్ నింపనివ్వకండి. ముందు లీకు వెతకమనండి. వెనక కాయిల్‌కు చాలా బండ్లలో ఫిల్టర్ ఉండదు, దుమ్ము పట్టిందేమో అదీ విప్పించి చూడండి. అప్పటిదాకా అమ్మను రెండో వరుసలో కూర్చోబెట్టండి.