రెగ్యులేటెడ్ వేప్ పరికరంలో 80 వాట్లకు ఎన్ని ఓంల కాయిల్ తగినది?

తీగమేస్త్రి, లెస్టర్:
సిగరెట్లు మానిన తరువాత, రెండు 18650 బ్యాటరీలు వరుసగా పనిచేసే రెగ్యులేటెడ్ పరికరాన్ని (ఎన్ని వాట్లు కావాలో మనమే పెట్టుకునే ఈ-సిగరెట్‌ను) 80 వాట్ల వద్ద వాడుతున్నాను. ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పుట్టించే తీగచుట్టే కాయిల్; ఇక్కడి దుకాణదారులు 0.15 ఓంల కాయిల్‌నే సిఫారసు చేస్తున్నారు, నేను ఒప్పుకోను. నిండు బ్యాటరీ ఇచ్చే 4.2 వోల్టులను 0.15తో భాగిస్తే 28 ఆంపియర్లు తేలుతుంది. ఈ రకం బ్యాటరీలలో చాలావాటికి ఎడతెగకుండా ఇవ్వగల కరెంటు 20 నుంచి 25 ఆంపియర్లకు మించదు. కనుక 0.5 ఓంలే క్షేమమని నా వాదన.

ఓంకారం, రెడింగ్:
మేస్త్రి గారూ, మీ భాగహారం సర్క్యూట్ లేని ఒంటి బ్యాటరీ మెకానికల్ గొట్టాలకు చెల్లుతుంది, మీ చేతిలోని పరికరానికి చెల్లదు. రెగ్యులేటెడ్ పరికరంలో బ్యాటరీకి, కాయిల్‌కు మధ్య వోల్టేజిని మార్చే కన్వర్టర్ ఉంటుంది. బ్యాటరీకి తెలిసేది మీరు అడిగిన వాట్లు మాత్రమే. ఛార్జి తగ్గి ఒక్కో బ్యాటరీ 3.2 వోల్టులకు దిగినప్పుడు రెండూ కలిసి 6.4 వోల్టులు ఇస్తాయి. కన్వర్టర్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే, 80 వాట్లకు అవి ఇవ్వవలసిన కరెంటు సుమారు 14 ఆంపియర్లు. కాయిల్ 0.15 అయినా 0.5 అయినా ఈ లెక్క దాదాపు మారదు. అదే ఒంటి బ్యాటరీ పరికరమైతే 28 ఆంపియర్లు అవుతుంది, అక్కడ భయపడవలసింది ఓంలను చూసి కాదు, వాట్లను చూసి.

తీగమేస్త్రి, లెస్టర్:
బ్యాటరీ విషయంలో మీ మాట సరే, ఓంకారం గారూ. అయితే కన్వర్టర్ దాటిన తరువాత జరిగేదాన్ని మీరు వదిలేశారు. 80 వాట్ల వద్ద 0.15 ఓంల కాయిల్ గుండా 23 ఆంపియర్లు, 0.5 ఓంల కాయిల్ గుండా 12.6 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ట్యాంకు బిగించే 510 మరలో మసి పట్టి 0.01 ఓం అదనంగా చేరితే, మొదటి సందర్భంలో 5 వాట్లకు పైగా ఆ మరలోనే వేడిగా పోతుంది, రెండవదానిలో ఒకటిన్నర వాటు చిల్లర. నా పట్టుదలకు కారణం ఇదీ ఉంది.

నిక్రోమ్, కోవెంట్రీ:
ఇద్దరూ ఓంల చుట్టూనే తిరుగుతున్నారు కానీ, ఆవిరి తయారయ్యేది తీగ ఉపరితలం మీద. ఒకే లోహంతో, ఒకే నిరోధం వచ్చేలా, తీగ మందాన్ని రెట్టింపు చేస్తే పొడవు నాలుగు రెట్లు, ఉపరితలం ఎనిమిది రెట్లు, లోహం బరువు పదహారు రెట్లు అవుతుంది. అంటే 0.3 ఓంల సన్న తీగ 80 వాట్ల వద్ద ద్రవం పీల్చుకునే దూదిని మాడ్చి గొంతు పట్టేస్తుంది, అదే 0.3 ఓంల లావు తీగ మొద్దు ఎద్దులా నింపాదిగా వేడెక్కుతుంది. మాడిన దూది నుంచి వచ్చే ఆల్డిహైడ్లు ఊపిరితిత్తులకు హాని కలిగిస్తాయి గనుక ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. దుకాణదారులు తక్కువ ఓంలు చెప్పడానికి కారణం, రెండు లావు కాయిళ్లను సమాంతరంగా అమర్చినప్పుడు సహజంగానే అంకె తగ్గడం.

పైగా 0.5 ఓంలకు 80 వాట్లు కావాలంటే 6.3 వోల్టులు అవసరం. మేస్త్రి గారి పరికరం వోల్టేజిని తగ్గించగలిగి, పెంచలేని రకమైతే, బ్యాటరీలు 6.4కు దిగేసరికి అది చతికిలబడుతుంది. ఉష్ణోగ్రత నియంత్రణ వాడేవారికి మాత్రం మరీ తక్కువ ఓంలు చిక్కే, ఎందుకంటే పరికరం కాయిల్ నిరోధం ఎంత పెరిగిందో చూసే దాని వేడిని లెక్కిస్తుంది: 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు నిరోధం డిగ్రీకి సుమారు 0.09 శాతం పెరుగుతుంది కాబట్టి, 0.01 ఓం పొరపాటు 0.15 ఓంల కాయిల్‌లో 70 డిగ్రీలకు పైగా తేడా చూపిస్తుంది, 0.5 ఓంల కాయిల్‌లో 22 డిగ్రీలే.

ఓంకారం, రెడింగ్:
అలాగైతే, రెండు బ్యాటరీల పరికరంలో 80 వాట్లకు లావు తీగతో 0.25 నుంచి 0.35 ఓంల మధ్య కట్టుకోవడం నాకు సమ్మతం. భారతదేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి 2019 నుంచే నిషిద్ధం కనుక, ఊరికి వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకోకండి.

తీగమేస్త్రి, లెస్టర్:
0.35కు ఒప్పుకుంటున్నాను, అంతకన్నా దిగను. ఒంటి బ్యాటరీ పరికరం ఉన్నవారు మాత్రం ఏ కాయిల్ పెట్టినా 50 వాట్లు దాటకండి. పైన ఓంకారం గారు చూపిన లెక్క ప్రకారమే అక్కడ 50 వాట్లకే 17 ఆంపియర్లకు పైగా అవుతుంది.