సెప్టెంబర్‌లో అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్‌కు ఎవరికి పిలుపు వస్తుంది? ముందే ఎట్లా పసిగట్టాలి?

మడికొండ నైట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. నేను మడికొండ ఐటీ పార్కులో రాత్రి షిఫ్టు చేస్తాను. అమెరికా క్లయింటు టీమ్‌తో కలిసి ఒక ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ ఆడుతున్నాం. డబ్బు పందెం ఏమీ లేదు, తెలంగాణలో అది కుదరదు కూడా. కానీ పరువంతా దాని మీదే ఉంది. మనవాళ్లకు క్రికెట్ తప్ప ఇంకేం తెలుసు అనుకున్నవాళ్ల కంటే ఇప్పుడు మేమే పైన ఉన్నాం.

ఆగస్టు అయిపోవస్తోంది. ఇంకా మేజర్ లీగ్ మెట్టు ఎక్కని కుర్రాడిని ముందే పట్టిపెట్టుకోవడానికి నా దగ్గర ఒక్క ఖాళీ ఉంది. ముగ్గురిని చూసి ఉంచాను. పేర్లు రాయను, మా లీగ్‌లో ఇంకా తెలుగువాళ్లు ఉన్నారు, ఇక్కడ చదువుతారు.

మొదటివాడు ట్రిపుల్-ఏలో (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే మైనర్ లీగ్) థర్డ్ బేస్, 22 ఏళ్లు. హోమ్ రన్లు దంచుతున్నాడు, టాప్ 100 కుర్రాళ్ల జాబితాల్లో పేరుంది. వాళ్ల మేజర్ టీమ్ మాత్రం ఈ ఏడాది ఎప్పుడో ప్లేఆఫ్స్ రేసులోంచి బయటపడింది. రెండోవాడు ట్రిపుల్-ఏలోనే ఎడమచేతి పిచర్, 24 ఏళ్లు, పెద్దగా పేరు లేదు, జూన్‌లో 40 మంది రోస్టర్‌లోకి (మేజర్ టీమ్ పెద్ద జాబితా) తీసుకున్నారు కానీ ఇంతవరకు మ్యాచ్ ఆడించలేదు. మూడోవాడు డబుల్-ఏలో (ట్రిపుల్-ఏకు ఒక మెట్టు కింద) ఔట్‌ఫీల్డర్, 20 ఏళ్లు, మెరుపు వేగం, బేసులు దొంగిలించడంలో దిట్ట. వాళ్ల టీమ్ వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్స్‌లో మిగిలే చివరి చోటు) కోసం కొట్లాడుతోంది.

నా మనసు మొదటివాడి మీదే ఉంది. మీరైతే ఎవరిని తీసుకుంటారు? ఎట్లా ఆలోచిస్తారో కూడా చెప్పండి.

హన్మకొండ పీఈటీ:

తమ్మీ, ముగ్గురి గురించీ బాగా చెప్పావు. కానీ ముందు చూడాల్సింది కుర్రాడి ఆట కాదు, వాడు కూర్చునే చోటు. పెళ్లి బంతిలో ఒకరు లేస్తేనే ఇంకొకరికి ఆకు పడుతుంది, ఆకలి ఎంతున్నా సరే.

నేను బడిలో పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతాను. ఈ ఆట అంటే ప్రాణం. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. పొద్దున గ్రౌండ్‌కు బయల్దేరేలోపు నాలుగైదు ఇన్నింగ్స్ చూసే పోతాను. ఏటా ఆగస్టు వచ్చిందంటే స్కోర్ల కంటే రోస్టర్ మార్పులే ఎక్కువ చదువుతాను.

2019 దాకా లెక్క వేరు. సెప్టెంబర్ 1 రాగానే 25 మంది టీమ్‌ను 40 దాకా పెంచుకోవచ్చు. తలుపులు బార్లా తెరిచినట్టే, ఎవరినో ఒకరిని ఊహిస్తే నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఇప్పుడు మామూలు రోస్టర్ 26, సెప్టెంబర్‌లో 28. అంటే టీమ్‌కు ఇద్దరు. 30 టీమ్‌లకు కలిపి 60 చోట్లు. పిచర్లు 14 మందికి మించకూడదు కాబట్టి చాలా టీమ్‌లు ఒక పిచర్‌ను, ఒక బ్యాటర్‌ను తీసుకుంటాయి. ఆ అరవైలో కూడా సగానికి పైగా పాత కాపులే ఉంటారని నా అంచనా: గాయం మానిన సీనియర్, మూడో క్యాచర్, మొన్ననే కిందికి పంపిన బుల్‌పెన్ పిచర్ (మ్యాచ్ మధ్యలో వచ్చి బంతి వేసేవాడు). కొత్త కుర్రాడికి మిగిలేది చాలా తక్కువ.

దాని మీద ఇంకో గడప ఉంది. మేజర్ టీమ్‌లో ఆడాలంటే ముందు 40 మంది రోస్టర్‌లో పేరుండాలి. అది నిండి ఉంటే, కొత్తవాడి కోసం ఒకరిని వదులుకోవాలి, లేదంటే గాయపడ్డవాడిని 60 రోజుల ఇంజ్యూర్డ్ లిస్ట్‌లో వేయాలి. వదులుకున్నవాడిని వేరే టీమ్ ఎత్తుకుపోవచ్చు. అందుకే మేనేజర్ కంటే ముందు జనరల్ మేనేజర్ ఆలోచిస్తాడు: ఈ పిల్లాడిని నవంబర్‌లో ఎట్లాగూ 40లోకి తీసుకోవాల్సిందేనా? 18 ఏళ్లకో అంతకుముందో సంతకం చేసినవాడికి ఐదు సీజన్లు, 19 దాటాక చేసినవాడికి నాలుగు సీజన్లు గడువు. అప్పటికీ 40లోకి తీసుకోకపోతే రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే టీమ్‌ల మైనర్ ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఇతరులు పట్టుకుపోవచ్చు. ఈ నవంబర్‌తో గడువు తీరేవాడిని రెండు నెలలు ముందు తీసుకుంటే వచ్చే నష్టం లేదు. గడువు ఇంకా ఏడాది ఉన్నవాడి కోసం చోటు ఖర్చు చేయడానికి మాత్రం చేతులు రావు.

దీనికి నా మనసును ఇప్పటికీ మెలిపెట్టే ఉదాహరణ పీట్ అలాన్సో. 2018లో డబుల్-ఏ, ట్రిపుల్-ఏ కలిపి 36 హోమ్ రన్లు కొట్టాడు. అప్పుడు 40 మందిని పిలుచుకునే కాలం, వాడి టీమ్ న్యూయార్క్ మెట్స్ రేసులో కూడా లేరు. అయినా పిలవలేదు. 2016లో డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం) అయినవాడు, రూల్ 5 గడువుకు ఇంకా ఏడాది ఉంది. మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి ఆడించారు, 53 హోమ్ రన్లు కొట్టి రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) రికార్డు రాశాడు. అంత ఆట ఉన్నవాడికే ఆ సెప్టెంబర్‌లో చోటు దొరకలేదు తమ్మీ.

ఇక నీ మొదటివాడి సంగతి. టాప్ 100లో ఉన్నాడన్నావు, అక్కడ ఇంకో లెక్క తిరుగుతుంది. 130 ఎట్-బ్యాట్లు (లెక్కకు వచ్చే బ్యాటింగ్ వంతులు) దాటినా, రోస్టర్‌లో 45 రోజులు దాటినా రూకీ హోదా పోతుంది. 2022 ఒప్పందం తర్వాత, పేరున్న ప్రాస్పెక్ట్‌ను (ఎదిగొస్తున్న కుర్రాడిని) రూకీగా ఏడాదంతా ఆడించి, వాడు రూకీ ఆఫ్ ద ఇయర్ గెలిస్తే టీమ్‌కు డ్రాఫ్ట్‌లో అదనంగా ఒక పిక్ (ఎంచుకునే వంతు) వస్తుంది. కాబట్టి ఆగస్టు సగం దాటాక పిలిస్తే రోజుల భయం తీరుతుంది, ఎట్-బ్యాట్లు ఒక్కటి చూసుకుంటే చాలు. 2022లో అరిజోనా కార్బిన్ కారల్‌ను ఆగస్టు 29న, బాల్టిమోర్ గనర్ హెండర్సన్‌ను ఆగస్టు 31న దించాయి. కారల్ 104, హెండర్సన్ 116 ఎట్-బ్యాట్లతో ఆగారు, ఇద్దరూ 130 దాటలేదు. 2023లో ఇద్దరూ తమ తమ లీగుల్లో రూకీ ఆఫ్ ద ఇయర్. రెండు టీమ్‌లకూ పిక్ వచ్చింది. ఇలాంటి కుర్రాళ్లను పట్టాలంటే సెప్టెంబర్ 1 దాకా కూర్చోవద్దు, ఆగస్టు చివరి రెండు వారాలే అసలు కాలం.

ఫ్రిస్కోలో పరకాల:

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మాది పరకాల దగ్గర, టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ రేంజర్స్‌కు డబుల్-ఏ టీమ్ ఉంది, మా పిల్లలతో తరచూ వెళ్తాం.

కుమార్ రాకర్ గురించి మనవాళ్లకు తెలియాలి. తల్లి భారతీయ మూలాలున్న ఆవిడ. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద నో-హిటర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేసి 19 మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేశాడు. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, మెడికల్ రిపోర్టులు చూసి సంతకం చేయించుకోలేదు. 2022లో రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నారు. 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్. 2024 వేసవిలో తిరిగి వచ్చి, మైనర్ లీగ్ మెట్లు ఎక్కుతూ సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మొదటి మ్యాచ్ ఆడాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. వాడి స్లైడర్ (పక్కకు జారే బంతి) పడేటప్పుడు బ్యాటర్ మోకాలు ముడుచుకుపోతుంది చూడండి, అది చూడటానికే టీవీ ముందు కూర్చోవాలి.

నేను చెప్పదలచుకున్నది, పిచర్ల విషయంలో ఆ ఏడాది వాడు వేసిన ఇన్నింగ్స్ ఎన్నో చూడండి. గాయం వల్ల ఆలస్యంగా మొదలుపెట్టిన పిచర్ చేతిలో సెప్టెంబర్‌కు ఇంకా ఓవర్లు మిగిలి ఉంటాయి (క్రికెట్ మాట వాడాను, అర్థం చేసుకోండి). ఏప్రిల్ నుంచి ఆపకుండా వేసిన 21 ఏళ్లవాడిని మాత్రం టీమ్ సెప్టెంబర్‌లో ఇంటికి పంపి విశ్రాంతి ఇస్తుంది, ఎంత బాగా వేసినా సరే.

ఈ పిలుపు ఆ కుర్రాళ్లకు ఎంత పెద్దదో కూడా తలుచుకోండి. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, రోజుల లెక్కన ఇస్తారు. రోజుకు 4,000 డాలర్ల పైమాటే. 43 రోజులు నిండితే పెన్షన్ హక్కు వస్తుంది. బస్సుల్లో రాత్రిళ్లు తిరిగే పిల్లలకు ఆ నెల రోజులు జీవితాన్నే మార్చేస్తాయి.

కేయూ షార్ట్‌స్టాప్:

నేను కాకతీయ యూనివర్సిటీకి సాఫ్ట్‌బాల్ ఆడాను, ఇప్పుడు పెళ్లయి మంచిర్యాలలో ఉంటున్నాను. మీరంతా ఆ మూడోవాడిని వదిలేశారు, నాకు నచ్చలేదు.

రేసులో ఉన్న టీమ్‌కు పరుగెత్తేవాడు కావాలి. బ్యాట్ పట్టకపోయినా పర్లేదు. చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నప్పుడు, బరువైన క్యాచర్ ఫస్ట్ బేస్ మీద నిలబడితే డగౌట్‌లో అందరి గుండె ఎట్లా కొట్టుకుంటుందో నాకు తెలుసు. వాడి బదులు వేగంగా పరుగెత్తేవాడిని దించితే పిచర్ చూపు బ్యాటర్ మీద నిలవదు, బంతికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బేస్ వైపు తిరుగుతూనే ఉంటాడు. 2014లో కాన్సాస్ సిటీ టెరెన్స్ గోర్‌ను ఆగస్టు 31న దించింది ఈ పని కోసమే. పోస్ట్ సీజన్‌లోనూ (ప్లేఆఫ్స్‌లో) ఉంచుకున్నారు.

2023లో టెక్సస్ ఇవాన్ కార్టర్‌ను తీసుకోండి. అడోలిస్ గార్సియాకు గాయం కాగానే సెప్టెంబర్ 8న పిలిచారు, అప్పుడు వాడికి 21 ఏళ్లు. ఆ పోస్ట్ సీజన్‌లో 9 డబుల్స్ (సెకండ్ బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టాడు, ఒక పోస్ట్ సీజన్‌లో అన్ని డబుల్స్ ఎవరూ కొట్టలేదు. టీమ్ వరల్డ్ సిరీస్ గెలిచింది. గాయం ఏ క్షణాన ఎవరికవుతుందో 40 మంది లెక్క చెప్పదు కదా సార్?

మడికొండ నైట్‌షిఫ్ట్:

అక్కా, మంచి పాయింట్. అయితే సెప్టెంబర్‌లో వచ్చినవాడు ప్లేఆఫ్స్ ఆడొచ్చా? ఆగస్టు 31 గడువు అని ఎక్కడో చదివాను. మొదటివాడి వివరం కూడా చూసి చెప్తున్నా సార్: కాలేజీ నుంచి డ్రాఫ్ట్ అయ్యాడు, మొన్నటి ఏడాదే. 40లో లేడు. వాళ్ల థర్డ్ బేస్‌లో ఇంకా రెండేళ్ల కాంట్రాక్టు ఉన్న సీనియర్ రోజూ ఆడుతున్నాడు.

హన్మకొండ పీఈటీ:

గడువు ఉంది, కానీ అది మేజర్ రోస్టర్‌లో ఉండటానికి కాదు. ఆగస్టు 31 నాటికి ఆ సంస్థలో, అంటే మైనర్ టీమ్‌లో ఉన్నా చాలు. గాయపడ్డవాడి స్థానంలో కమిషనర్ ఆఫీసును అడిగి తీసుకోవచ్చు. 2002లో ఏంజెల్స్‌కు ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్ మొదటి మ్యాచ్ సెప్టెంబర్ 18న ఆడాడు. 20 ఏళ్లవాడు. ఆ పోస్ట్ సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు వాడి పేరు మీద గెలిచారు, ఏంజెల్స్ చాంపియన్లయ్యారు.

అమ్మా, నీ మాటను నేను కాదనను. 2025లో టొరంటో ట్రే యెసావేజ్ కథ అంతకంటే పెద్దది. ఏప్రిల్‌లో సింగిల్-ఏలో మొదలుపెట్టి, ఒక్కో మెట్టు ఎక్కుతూ సెప్టెంబర్ 15న మేజర్ లీగ్‌కు వచ్చాడు, 9 స్ట్రైకౌట్లు. రూల్ 5 గడువు వాడికి దగ్గరలోనే లేదు. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ మొదలుపెట్టింది వాడే, ఐదో మ్యాచ్‌లో 12 స్ట్రైకౌట్లు. వాడి స్ప్లిటర్ లాంటి బంతి ఆ టీమ్‌కు అవసరమైంది, చోటు చేశారు. అవసరం గట్టిదైతే చోటు వాళ్లే చేసుకుంటారు, నిజం. కానీ ఆ టీమ్‌కు అప్పుడు సరిగ్గా లేనిది ఏమిటో, అది వీడి దగ్గర ఉందో లేదో చూడాలి. నీ మూడోవాడి టీమ్‌లో బెంచీ మీద పరుగెత్తేవాడు ఇప్పటికే ఉంటే వాడి దారి మూసుకున్నట్టే. లేకపోతే నేనూ ఆశ పెట్టుకుంటాను. అయితే తమ్మీ, పించ్ రన్నర్ టీమ్‌కు ప్రాణం, నీ ఫాంటసీ లీగ్‌లో మాత్రం వారానికి ఒకటో రెండో స్టీళ్లు, అంతే.

మొదటివాడిని వదిలేయ్. నాకూ బాధగానే ఉంది. డ్రాఫ్ట్ మొన్ననే, 40లో చోటు లేదు, పైన సీనియర్ కదలడు. వాడి వెలుగు వచ్చే ఏప్రిల్‌లో.

నేనైతే ఆ ఎడమచేతి పిచర్‌నే తీసుకుంటాను. ఇప్పటికే 40లో ఉన్నాడు, ఎవరినీ తీసేయక్కర్లేదు, సెప్టెంబర్‌లో 14వ పిచర్ చోటు ఎట్లాగూ తెరుచుకుంటుంది. ఒక్కటి మాత్రం ఈ రాత్రే చూడు: మేజర్ రోస్టర్ నుంచి వాడిని ఇటీవల కిందికి పంపారా అని. మ్యాచ్ ఆడించకుండానే ఒకట్రెండు రోజులు పైన కూర్చోబెట్టి పంపేయడం మామూలే. అట్లా పంపిన పిచర్ 15 రోజులు కింద ఉండాల్సిందే, బ్యాటరైతే 10. గాయపడ్డవాడి బదులైతే తప్ప ముందు పిలవరు. ఆగస్టు 22న పంపి ఉంటే సెప్టెంబర్ మొదటి వారం నీకు వృథా. తర్వాత ట్రిపుల్-ఏలో వాడి వంతు ఏ రోజు పడుతోందో, అదే రోజు మేజర్ టీమ్‌లో ఐదో స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) పేరు ఇంకా ప్రకటించకుండా ఉంచారేమో చూడు. వాడి వంతు వచ్చిన రోజు ట్రిపుల్-ఏలో వేరేవాడు బంతి పట్టుకుంటే, ఆలోచించకుండా తీసేసుకో.

మడికొండ నైట్‌షిఫ్ట్:

చూశాను సార్. జూన్‌లో రెండు రోజులు పైన ఉంచి పంపేశారు, ఆ తర్వాత కదిలించలేదు. వాడి వంతు శనివారం పడుతుంది, మేజర్ టీమ్ శనివారం స్టార్టర్ ఇంకా ఖాళీగానే చూపిస్తోంది. తీసేసుకున్నా.

కేయూ షార్ట్‌స్టాప్:

శనివారం రాత్రి మ్యాచ్ అంటే మనకు ఆదివారం పొద్దున. నేనూ లేచి చూస్తా. ఆ మూడోవాడిని కూడా ఒక కంట కనిపెట్టు తమ్ముడూ.